ఇంటి ఎముక

రాయమల్లు చేతికి చుట్టుపక్కల ఊళ్లలో ఎంత పేరుండేదంటే, బండి మీది నుంచి పడ్డవాడు ముందు ఏడ్చేవాడు కాదు, "రాయమల్లు ఇంట్ల ఉన్నడా?" అని అడిగేవాడు. ఉన్నాడని తెలిస్తే సగం నొప్పి అక్కడే పోయేది. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి పొలాల వెంట నడిస్తే వచ్చే ఊరు అది. ఇంటి ముందు తడకల పందిరి కింద ఎప్పుడూ ఎవరో ఒకరు చెయ్యి మెడకు వేలాడదీసుకునో, కాలు చాపుకునో కూర్చుని ఉండేవారు. వెనక రోట్లో కట్టులో వేసే నల్లేరు తీగ దంచే చప్పుడు ఆగేది కాదు. కట్టుకు వెదురు బద్దలు చెక్కడం రాయమల్లు పని, పాత గుడ్డలు పేలికలుగా చింపడం భార్య యాకమ్మ పని. చింపీ చింపీ ఆమె తన పెళ్లి చీరలు కూడా అవగొట్టిందని ఊళ్లో హాస్యమాడేవారు. అది పూర్తిగా హాస్యం కూడా కాదు.

చదువుకున్నవాళ్లు ఇలాంటివాళ్లను మోటు వైద్యులని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. అతను కట్టిన కాళ్లు ఈ నాటికీ ఆ పొలాల్లో నాగలి వెంట నడుస్తున్నాయి, అతను కట్టిన చేతులు మోట తోలాయి, తాళ్లెక్కాయి. విరిగిన ఎముక గురించి అతనికి తెలియనిది తక్కువ. అతని జీవితంలో జరిగింది తెలియక చేసిన తప్పే అయితే ఇంతగా చెప్పుకోవాల్సిన పనే లేదు.

ఆ విద్య అతనికి తండ్రి సారయ్య ఇచ్చాడు. ముందు గొర్రెల కాళ్ల మీద, తరవాత ఎడ్ల మీద, ఆ తరవాత మనుషుల మీద నేర్పాడు. పోయే ముందు కొడుకును మంచం దగ్గరికి పిలిచి అరచేతిలో నీళ్లు పోసి, సమ్మక్క పేరు మీద ఒట్టు వేయించుకున్నాడు. "వాకిట్లకొచ్చిన ఎముకను కాదనకు. ఇంటి ఎముకను ఇంకో చేతిల పెట్టకు. ఏది తప్పినా చేతి వాసి పోతది కొడుకా" అన్నాడు. రాయమల్లు ఆ నీళ్లు కళ్లకద్దుకుని తాగాడు. కట్టుకు ప్రతిఫలంగా కొబ్బరికాయ తప్ప ఇంకేదీ ముట్టకుండా ఇరవై ఏళ్లు ఆ ఒట్టు మీదే బతికాడు.

1979 ఎండాకాలంలో ఒకరోజు పొద్దెక్కినాక పందిరి ముందు అంబాసిడర్ కారు ఆగింది. దిగినాయన లక్ష్మీనారాయణ, వరంగల్ మట్టెవాడలో పెద్ద కిరాణా దుకాణం యజమాని. వెనక సీట్లోంచి కూతురు నిర్మలను చెయ్యి పట్టి దించాడు. అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసిన పిల్ల. మోకాలికి కాస్త పైన వాపు. గోలీలు మింగినా తగ్గలేదు, ఎవరో రాయమల్లు పేరు చెప్పారు, వచ్చారు.

రాయమల్లు పిల్లను చాప మీద కూర్చోబెట్టి చెయ్యి పెట్టాడు. విరిగిన ఎముక వేలి కింద కదులుతుంది. బెణికిన కండ నూనె రాస్తే కాస్త మెత్తబడుతుంది. ఇది ఆ రెండూ కాదు. చర్మం మెరుస్తోంది, నీలి నరాలు తేలాయి, ఎముకే లోపలి నుంచి ఉబ్బి పైకి వచ్చినట్టుంది. ముట్టుకుంటే పొయ్యి పక్కన పెట్టిన రాయిలా వేడి. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఒట్టు ప్రకారం వాకిట్లోకి వచ్చిన ఎముకను కాదనకూడదు. కానీ ఆ ముందటి ఏడాది హనుమకొండ కాంట్రాక్టరు కొడుక్కి చెయ్యి కడితే, అది కాస్త వంకరగా అతికిందని ఆ కాంట్రాక్టరు పోలీసును వెంటబెట్టుకొచ్చాడు. రాయమల్లు ఒక పగలంతా ఠాణాలో గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆ రోజు నుంచీ టౌనువాళ్ల కారు చూస్తే అతనికి గుండెల్లో దడ.

"సేటూ, ఇది నా చేతి పని గాదు. ఇరుగలే, బెనకలే. లోపట్నించి ఏదో పెరుగుతాంది. జల్ది పట్నం తీస్కపో" అన్నాడు.

"నీ పేరు ఇని గింత దూరమొస్తే గిట్ల అంటవేంది రాయమల్లూ? కట్టు కట్టు, ఏమైతే గది అయితది."

"నీ కాళ్లు మొక్కుత సేటూ. నేను కట్ట. తీస్కపో."

లక్ష్మీనారాయణ మొహం మాడ్చుకుని కారెక్కాడు. అప్పుడు రాయమల్లు ఏదో గొప్ప జ్ఞానంతో అలా పంపించాడని ఎవరూ అనుకోవద్దు. చెయ్యి చెప్పింది పావు వంతు, భయం చెప్పింది ముప్పావు వంతు.

కారు దుమ్ము అణగకముందే యాకమ్మ అందుకుంది. "వాకిట్లకొచ్చిన పిల్లను ఎల్లగొడ్తివి. మామ ఏం జెప్పి పోయిండు?" రాయమల్లు ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. తండ్రి పోసిన నీళ్లు గొంతులో అడ్డం పడ్డట్టే ఉంది.

వానలు పడ్డాయి, నాట్లు మొదలయ్యాయి. రాయమల్లు కూతురు పూలమ్మకు పదహారేళ్లు. నాటు వేయడంలో దాని చేతికి ఎదురు లేదు. పక్క ఆడవాళ్లు నడుములు పట్టుకుంటుంటే అది వరుస ముగించి గట్టు మీద కూర్చుని వాళ్లను ఆట పట్టించేది. ఆ పూలమ్మ ఒక సాయంత్రం కుంటుకుంటూ ఇంటికి వచ్చింది.

"గట్టు మీద జర జారిన నాయినా" అంది.

రాయమల్లు దీపం దగ్గరకు జరిపి చెయ్యి పెట్టాడు. అదే చోటు. అదే వేడి, అదే రాయి. చెయ్యి తీసేశాడు, మళ్లీ పెట్టాడు. ఎండాకాలంలో సేటు బిడ్డ కాలు మీద అతని చెయ్యి ఏం చెప్పిందో, ఇప్పుడూ అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పింది.

అప్పుడైనా పిల్లను బండిలో వేసుకుని వరంగల్ పోవాల్సింది. పోలేదు. ఎందుకు పోలేదో వింటే టౌనువాళ్లకు నవ్వొస్తుంది, ఆ ఊరివాళ్లకు మాత్రం రాదు. వాకిట్లోకి వచ్చిన ఎముకను కాదన్నాడు, సమ్మక్క చూసింది, అదే జబ్బును అదే చోట తెచ్చి అతని ఇంట్లో పెట్టింది. రాయమల్లుకు ఇది పట్టపగలంత స్పష్టంగా కనిపించింది. ఒట్టులో సగం తప్పితేనే ఇలా అయింది. మిగిలిన సగం కూడా తప్పి, ఇంటి ఎముకను తీసుకెళ్లి డాక్టరు చేతిలో పెడితే ఇంకేం మిగులుతుంది? కట్టాలి. కట్టడమే ఆ తల్లికి దండం పెట్టుకోవడం.

"గంతేనా బిడ్డా? బెనికింది, పోతది" అన్నాడు.

నూనె రాసి తోమాడు. నల్లేరు దంచి పట్టు వేశాడు, తెల్లసొన పూశాడు, బద్దలు పెట్టి బిగించాడు. జీవితంలో అంత శ్రద్ధగా ఇంకే కట్టూ కట్టలేదు. పూలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఊరుకుంది. చూడవచ్చిన నాటు ఆడవాళ్లతో, "మా నాయిన కట్టిండు, ఇగ ఫికరేంది?" అనేది. వైద్యుడి కడుపున పుట్టిన అదృష్టం అని వాళ్లు మెచ్చుకునేవారు. మొదటి కట్టు విప్పి రెండోది వేశాడు, రెండోది విప్పి మూడోది వేశాడు. విప్పిన ప్రతిసారీ చేతి కింద రాయి పెద్దదవుతూ వచ్చింది. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు, అతను ఎవరికీ చెప్పలేదు.

దసరా వెళ్లినాక యాకమ్మే కట్టు కోసేసింది. తొడ కింది భాగం గుమ్మడికాయంత ఉబ్బి ఉంది. ఆమె మొగుడి వైపు చూడనైనా చూడకుండా బండి కట్టించి బిడ్డను వరంగల్ దవాఖానకు తీసుకెళ్లింది. రాయమల్లు బండి వెనక నడిచాడు. కాలికి ఎక్స్‌రే ఫోటో తీశారు. కుర్ర డాక్టరు ఆ ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఇది ఎముక క్యాన్సర్. వెంటనే హైదరాబాద్ తీసుకుపోవాలి, కాలు తొడ దగ్గర తీసేస్తారు. దీన్ని నూనె పెట్టి తోమింది ఎవరు?"

రాయమల్లు నోరు తెరిచేలోపు యాకమ్మ, "ఊళ్లె ఒకాయన కట్టిండు సారూ" అంది.

ఆ "ఒకాయన" అనే మాట రాయమల్లుకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. మొగుణ్ని కాపాడిందో, మొగుడు కాదందో అతనికి ఈ జన్మలో తెలియలేదు.

ఇంటికి వచ్చాక పందిరి కింద ఊరంతా చేరింది. హైదరాబాద్ పట్నంలో మనకెవరున్నారు? ఎక్కడుంటారు, ఎవరిని అడుగుతారు? కోతకొచ్చిన చేను ఎవరు కోస్తారు? అన్నిటికీ మించి కాలు. టౌనులో పిల్లకు ఒక కాలు లేకపోతే గల్లా దగ్గర కూర్చుంటుంది, పుస్తకం ముందేసుకుని చదువుకుంటుంది. ఇక్కడ కాలు లేని ఆడపిల్ల ఏ మడిలో దిగుతుంది? పూలమ్మే అంది.

"కాలు లేకుంటే నాటెట్ల ఏస్త? మీరు సచ్చినంక నన్నెవరు ఎత్తుకుంటరు? వద్దు నాయినా. నువ్వే ఇంకో కట్టు కట్టు."

దవాఖానకు పోవాలంటే బిడ్డ వద్దంటోంది, ఊరు వద్దంటోంది, ఒట్టు వద్దంటోంది. కట్టాలంటే చెయ్యి వద్దంటోంది. ఎటు తిరిగినా గోడే. వచ్చే మాఘమాసంలో మేడారం జాతరకు బిడ్డ ఎత్తు బంగారం, అంటే బెల్లం, తూచి ఇస్తానని మొక్కుకుని రాయమల్లు చేతులు ముడుచుకు కూర్చున్నాడు. మొక్కు ఒక మందులా పనిచేసింది, బిడ్డకు కాదు, అతనికి.

కార్తీకంలో ఆ అంబాసిడర్ మళ్లీ వచ్చింది. రాయమల్లు లోపలికి పోయి దాక్కుందామనుకున్నాడు. ఈసారి పోలీసే అనుకున్నాడు. కారులోంచి ముందు రెండు చంక కర్రలు దిగాయి, తరవాత నిర్మల దిగింది. లంగా కింద ఒక్కటే పాదం. తలకు గుడ్డ చుట్టుకుంది, పట్నంలో ఎక్కించిన మందులకు జుట్టంతా రాలిందట. మొహం మాత్రం కళగానే ఉంది.

లక్ష్మీనారాయణ ఊరి జనం ముందు రాయమల్లు భుజం మీద శాలువా కప్పి, రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"రాయమల్లన్నా, ఆనాడు నిన్ను తిట్టుకుంట పోయిన. మా చెల్లె ఇల్లు పట్నంలనే ఉండె, తెల్లారే దవాఖానల చేర్పిచ్చినం. ఆడ పెద్ద డాక్టరేమన్నడో ఎర్కేనా? ఎవలో తెలివిగల్లోడు తోమకుంట, కట్టకుంట పంపిండు, గందుకే పిల్ల దక్కింది అన్నడు. నువ్వు చెయ్యి పెట్టంగనే కనిపెట్టినవ్. నా బిడ్డను బతికిచ్చింది నువ్వే."

జనం చప్పట్లు కొట్టారు. తలుపు తీసే ఉంది. లోపల నులక మంచం మీద పూలమ్మ ప్రతి మాటా విన్నది.

నిర్మల మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లి మంచం ముందు నిలబడిపోయింది. దుప్పటి మీది నుంచే ఆ వాపు ఏమిటో ఆమెకు అర్థమైంది. "నాన్నా, ఒక్కసారి ఇటు రండి" అని పిలిచింది. ఆ గొంతు విని అందరి నవ్వులూ ఆగిపోయాయి. శాలువా అలాగే భుజం మీద ఉండగా రాయమల్లు కూడా లోపలికి వచ్చాడు.

పూలమ్మ తండ్రినే చూస్తూ అడిగింది. "నాయినా, ఆమె కాలు మీద చెయ్యి పెట్టినప్పుడు తెలిసిందే, నా కాలు మీద పెట్టినప్పుడు గూడ తెల్సిందా?"

అబద్ధం చెప్పొచ్చు. తెలియలేదు బిడ్డా అంటే సరిపోయేది. రాయమల్లుకు అబద్ధం నోటికి రాలేదు.

"తెల్సింది" అన్నాడు.

"మరి నాకెందుకు కట్టినవ్?"

"నువ్వు నా ఇంటి ఎముకవు బిడ్డా. ఇంకో చేతిల ఎట్ల పెట్టాలె?"

పూలమ్మ నిర్మల వైపు చూసింది. ఆ ఒంటికాలినీ, తలగుడ్డనూ, చంక కర్రలనూ చాలాసేపు చూసింది. తరవాత మొహం గోడ వైపు తిప్పుకుంది. "కాలు తియ్యమనుండ్రి. నేను పోత" అంది.

లక్ష్మీనారాయణ మంచి మనిషి. అదే కారులో వాళ్లను హైదరాబాద్ తీసుకెళ్లి, చెల్లెలింట్లో దింపి, దగ్గరుండి దవాఖానలో చూపించాడు. ఈసారి కాలితో పాటు ఛాతీ ఫోటో కూడా తీశారు. పెద్ద డాక్టరు పూలమ్మను బయట కూర్చోబెట్టి, ఊపిరితిత్తుల్లోకి పాకిందని, ఇప్పుడు కాలు తీసినా పిల్లను బాధపెట్టడమే తప్ప ఫలితం లేదని చెప్పాడు. కాలు వద్దు వద్దని ఏడ్చినప్పుడు తీస్తామన్నారు, తీయండని వస్తే వద్దంటున్నారు. పూలమ్మ ప్యాసింజరు రైల్లో రెండు కాళ్లతోనే ఘన్‌పూర్‌కు తిరిగి వచ్చింది. దారి పొడుగునా తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు. ఊరి మొదట్లో మాత్రం, "నాయినా, అవ్వను తిట్టకు" అంది. యాకమ్మను అతనెప్పుడు తిట్టాడని? ఆ మాట ఎందుకందో అతనికి అంతుపట్టలేదు. చాలా ఏళ్లు ఆ మాటనే పట్టుకుని వేలాడాడు.

మేడారం జాతరకు ముందే పూలమ్మ పోయింది. మొక్కుకున్న బెల్లం తూచడానికి మనిషి లేకుండా పోయింది. ఆ ఏడు రాయమల్లు జాతరకు పోలేదు.

పేరు మాత్రం పోలేదు. నిజానికి అప్పటి నుంచే పెరిగింది. మట్టెవాడ దుకాణంలో ఉప్పు కొనడానికి వచ్చినవాడికి కూడా లక్ష్మీనారాయణ ఆ కథ చెప్పేవాడు. నిర్మల గల్లా దగ్గర కూర్చుని నవ్వుతూ ఉండేది, ఇంటరూ, ఆ తరవాత డిగ్రీ కూడా పాసైంది. అలా టౌను నుంచి కార్లు రావడం మొదలైంది. వాపులు తెచ్చేవారు. రాయమల్లు చెయ్యి పెట్టి ఇది నా పని గాదు అంటే చాలు, ఆ సాయంత్రమే పట్నం రైలెక్కేవారు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకూ అతను అదే మాట చెప్పేవాడు. వాళ్లు మాత్రం వాకిట్లోంచి గెంటేసినట్టు చిన్నబుచ్చుకుని ఇంకో కట్టువాణ్ని వెతుక్కుంటూ పోయేవారు. మాట ఒకటే, నోరు ఒకటే. ఒకరికది రైలు టికెట్టు, ఇంకొకరికి మూసేసిన తలుపు. దీనికి ఎవరి మీద కోప్పడాలో చెప్పండి.

పూలమ్మ గురించి ఊళ్లో ఎవరూ రాయమల్లును తప్పు పట్టలేదు. బిడ్డకు సొంత చేత్తో మూడు కట్లు కట్టాడు, అంతకంటే తండ్రి ఏం చేస్తాడు, రాత బాగాలేదు అనుకున్నారు. ఆ రోజు మంచం దగ్గర జరిగిన మాటలు విన్నవాళ్లు విననట్టే ఉండిపోయారు. తిడితే బాగుండునని అతనికి ఎన్నోసార్లు అనిపించింది. తిట్టేవాళ్లే లేరు. యాకమ్మ కూడా తిట్టలేదు, పందిరి కింద కూర్చుని గుడ్డలు చింపుతూనే ఉంది.

1986 వానాకాలంలో ములుగు వైపు నుంచి పోశయ్య అనే కూలి మనిషి కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. పన్నెండు, పదమూడేళ్లుంటాయేమో పిల్లకు. రాయమల్లు మోకాలి మీద చెయ్యి పెట్టాడు. ఏడేళ్ల నుంచీ ఆ వేడి అతని అరచేతిలోంచి పోనే లేదు, ఇప్పుడు మళ్లీ తగిలింది.

"పట్నం తీస్కపో పోశయ్యా. ఆలిస్యం జేయకు. ఇది కట్టేది గాదు."

"పట్నంల నాకెవరున్నరు పెద్దయ్యా? టౌనోళ్లకైతే పట్నం ఉంటది. మాకు నువ్వే పట్నం."

"మట్టెవాడల సేటున్నడు, నా పేరు జెప్పు. లేకుంటె నేనే ఎంట వస్త. కట్టుమాత్రం కట్ట."

పోశయ్య మొహం ఎర్రబడింది. పందిరి కింద ఉన్నవాళ్లందరి వైపూ తిరిగి, గొంతు పెంచి అన్నాడు. "నీ బిడ్డకు కట్టినవ్ గద పెద్దయ్యా. మూడు కట్లు కట్టినవట, లోకమంత ఎర్క. మా బిడ్డ బిడ్డ గాదా?"

రాయమల్లు లేచి నిలబడ్డాడు.  ఏడేళ్లుగా గొంతులో అడ్డం పడి ఉన్నది ఒక్కసారిగా బయటికొచ్చింది.

"కట్టిన. కట్టిన గనుకనే అది సచ్చింది. చెయ్యి పెట్టిన్నాడే నాకు తెల్సు. తెలిసే కట్టిన. నా బిడ్డను నేనే సంపుకున్న."

యాకమ్మ చేతిలో గుడ్డ చిరగడం సగంలో ఆగింది. కట్టు కోసం కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పాల్సింది చెప్పేశాడు, ఇక పోశయ్య రైలెక్కుతాడు అనుకున్నాడు రాయమల్లు. పోశయ్య అతన్ని కాసేపు జాలిగా చూశాడు.

"గట్లనా పెద్దయ్యా. నీ చేతి వాసి పోయిందని ముందే జెప్తె అయిపోవు" అని, పిల్లను మళ్లీ భుజాన వేసుకున్నాడు. "మొండయ్య చెయ్యి ఇంకా మంచిగనే ఉన్నదంటాండ్రు."

మొండయ్య పక్క ఊరి కట్టువాడు. పోశయ్య స్టేషను దారి వదిలి అటే నడిచాడు. పందిరి కిందివాళ్లు కూడా మెల్లగా దులుపుకుని ఒక్కొక్కరే లేచారు. రాయమల్లు చెప్పులైనా తొడుక్కోకుండా పోశయ్య వెనక పడ్డాడు. ముందుకు ఉరికి దారికి అడ్డం నిలబడితే, పోశయ్య గట్టు దిగి బురదలోంచి తప్పుకుని పోయాడు. మాట్లాడితే విననట్టే నడిచాడు. అతని భుజం మీది నుంచి పిల్ల ఒక్కతే వెనక్కి తిరిగి చూస్తోంది.

"కట్టు కడితె నొస్తదా తాతా?" అని అడిగింది.

"నొస్తది బిడ్డా. కట్టనియ్యకు. నీ కాళ్లు మొక్కుత, కట్టనియ్యకు."

"నాయినా, తాత కట్టొద్దంటాండు" అంది పిల్ల. పోశయ్య వెనక్కి తిరగలేదు, అడుగు వేగం పెంచాడు. రాయమల్లు ఆయాసపడుతూ వాళ్ల వెనకే నడిచాడు. మొండయ్య ఊరు ఇంకా కనబడకముందే, చేను అవతల నుంచి నల్లేరు దంచే చప్పుడు వినిపించింది.